గిట్‌హబ్ జిస్ట్: ఇవ్వడానికి బంగారం, వెతుక్కోవడానికి మాత్రం ఏడుపే

జిస్ట్ అంటే కోడ్ ముక్కలు పెట్టి లింక్ పంచుకునే సైట్. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 3.5. ఎనిమిదేళ్లుగా దాదాపు రోజూ వాడుతూ మళ్లీ ఒకటిన్నర మార్కు కోసేయడమేంటి అంటారేమో, ఎక్కడ కోశానో చెప్తా, కొంచెం ఓపిక పట్టండి, నేను సూటిగా పాయింట్‌కి వచ్చే రకం కాదు.

మాది కాకినాడ. బీటెక్ అయ్యాక అందరిలాగే 2012లో అమీర్‌పేటలో దిగా, జావా నేర్చుకోడానికి. క్లాసుకి ఫీజు కట్టకముందే హాస్టల్‌లో సీనియర్లు చెప్పిన మొదటి మాట ఏంటంటే ముందు జిరాక్స్ షాపుకెళ్లి నోట్స్ తెచ్చుకో అని. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఆ షాపుల్లో కోర్ జావా ఒక కట్ట, అడ్వాన్స్‌డ్ జావా ఒక కట్ట, ఒరాకిల్ ఒక కట్ట, అన్నీ స్పైరల్ బైండింగ్ వేసి పెట్టేవాళ్లు. ఏదో పాత బ్యాచ్‌లో చేతిరాత బాగున్న ఎవరో రాసుకున్న క్లాస్ నోట్స్ అవి, జిరాక్స్ మీద జిరాక్స్ తీసీ తీసీ చివరికి సెమికోలన్ కామాలా, కామా చుక్కలా కనిపించే స్థితికొచ్చాయి, ఒక ప్రోగ్రామ్ అయితే ఎంత కొట్టినా కంపైల్ అవ్వదు, రెండు రోజులు తల బాదుకున్నాక తెలిసింది జిరాక్స్ మిషన్ గాజు మీద ఉన్న మచ్చని నేను డాట్ అనుకుని టైప్ చేస్తున్నానని. అయినా ఆ నోట్స్ రాసినవాళ్లకి ఇప్పటికీ దణ్ణం పెడతా, పేరు కూడా తెలీని మనిషి రాసింది చదివి ఉద్యోగం తెచ్చుకున్నా.

ఇప్పుడు జిరాక్స్ పోయి వాట్సాప్ గ్రూప్ వచ్చింది, ఇంకేం మారలేదు. మా టీమ్‌లో ఎర్రర్ వస్తే ఇప్పటికీ కొంతమంది ఫోన్‌తో మానిటర్ ఫొటో తీసి పంపుతారు, స్క్రీన్‌షాట్ కూడా కాదు, ఫొటో, అందులో ట్యూబ్‌లైట్ రిఫ్లెక్షన్‌తో సహా. ఇక కమాండ్లు. ఒక శుక్రవారం సాయంత్రం మా జూనియర్ "అక్కా, ఆ రోజు లాగ్స్ వెతకడానికి ఒక కమాండ్ పంపావు కదా, ఇంకోసారి పంపవా" అన్నాడు, గ్రూప్‌లో పైకి స్క్రోల్ చెయ్ రా అంటే బర్త్‌డే విషెస్, మీమ్స్, ఎవరిదో గృహప్రవేశం కార్డు, వాటి కింద ఎక్కడో ఉంది అది. సరేలే అని బస్సులో ఉండి నా ఫోన్లో నోట్స్‌లో రాసుకున్నది కాపీ చేసి పంపా. పని చెయ్యలేదు. మళ్లీ పంపా. మళ్లీ పని చెయ్యలేదు. సోమవారం కూర్చుని చూస్తే ఫోన్ కీబోర్డ్ నాకు సాయం చేద్దామని రెండు అడ్డగీతల్ని కలిపి ఒక పొడుగు గీత చేసింది, నిలువుగా ఉండాల్సిన కోట్స్‌ని వంకర కోట్స్ చేసింది, కంటికి చూస్తే మహా అందంగా ఉంది, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌కి మాత్రం అది వేరే అక్షరం. కోడ్‌ని మాటలు పంపే చోట పంపకూడదు అని ఆ రోజు డిసైడ్ అయ్యి టీమ్ మొత్తాన్ని జిస్ట్ మీదకి లాగా. నేను ఒక్కదాన్నే అంతకుముందు నుంచే వాడుతున్నా, వీళ్లని లాగడానికి ఆ శుక్రవారం పనికొచ్చింది.

తెలీనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్, వాళ్లు 2008లోనే పెట్టిన సర్వీస్ ఇది, అంటే గిట్‌హబ్ మొదలైన ఏడాదే. ఒక పేజీ ఓపెన్ అవుతుంది, పైన డిస్క్రిప్షన్, కింద ఫైల్ పేరు, దాని కింద కోడ్, బటన్ నొక్కితే లింక్ వస్తుంది, అంతే. ఫైల్ పేరు చివర పైథాన్‌దో జావాదో ఎక్స్‌టెన్షన్ పెడితే రంగులు దానంతటదే వేస్తుంది, మార్క్‌డౌన్‌లో, అంటే చిన్న చిన్న గుర్తులు పెట్టిన మామూలు టెక్స్ట్‌లో, రాస్తే హెడ్డింగులు టేబుళ్లతో నీట్‌గా చూపిస్తుంది, ఒకే జిస్ట్‌లో నాలుగైదు ఫైళ్లు పెట్టొచ్చు. డబ్బులు లేవు, యాడ్స్ లేవు. పేరు పెట్టకుండా వదిలేస్తే మాత్రం తనే జిస్ట్‌ఫైల్ ఒకటి అని ఒక దిక్కుమాలిన పేరు పెడుతుంది, ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా దాని దగ్గరికి. ఒకప్పుడు అకౌంట్ లేకుండా కూడా పేస్ట్ చేసేసి లింక్ ఇచ్చేయొచ్చు, స్పామ్ ఎక్కువైందని 2018లో అది ఆపేశారు, కాబట్టి ఇప్పుడు లాగిన్ తప్పనిసరి.

పైకి నోట్‌ప్యాడ్‌లా కనిపిస్తుంది గానీ లోపల ప్రతి జిస్టూ ఒక పూర్తి గిట్ రిపాజిటరీ, అంటే ఫైళ్లతో పాటు వాటి మార్పుల చరిత్రంతా దాచే పెట్టె. నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మార్చిన ప్రతిసారీ పాతది రివిజన్స్‌లో ఉంటుంది, ఎవరైనా ఫోర్క్ చేసుకుని, అంటే సొంత కాపీ తీసుకుని, వాళ్లకి కావల్సినట్టు మార్చుకోవచ్చు, మనం క్లోన్ చేసుకుని, అంటే లాప్‌టాప్‌లోకి దించుకుని, ఎడిట్ చేసి పుష్ చెయ్యొచ్చు, అంటే తిరిగి పైకి పంపొచ్చు. 2020లో గిట్‌హబ్ వాళ్ల కమాండ్ లైన్ టూల్ వచ్చాక ఇంకా సుఖం, టెర్మినల్‌లో ఫైల్ పేరిచ్చి ఒక్క లైన్ కొడితే జిస్ట్ తయారై లింక్ చేతికొస్తుంది, బ్రౌజర్ తెరిచే పనే లేదు. టెర్మినల్‌లో వచ్చిన ఎర్రర్ మొత్తాన్ని పైప్ చేసి నేరుగా జిస్ట్‌లోకి తోసేయొచ్చు, మానిటర్ ఫొటోల బ్యాచ్‌కి ఇది నేర్పించడానికి నాకు మూడు వారాలు పట్టింది, అది వేరే కథ.

కామెంట్లు ఇంకో లాభం. నా జిస్టుల్లో కాస్త పేరు తెచ్చుకున్నది ఒకటుంది, తెలుగు పేర్ల సెర్చ్ గురించి. ఒక ప్రాజెక్ట్‌లో కస్టమర్ల పేర్లు తెలుగులో ఉండేవి, శ్రీనివాస్ అని వెతికితే కొంతమంది శ్రీనివాసులు వస్తారు కొంతమంది రారు, స్క్రీన్ మీద రెండు పేర్లూ అచ్చు ఒకేలా ఉన్నాయి. తీరా కోడ్ పాయింట్లు, అంటే ఒక్కో అక్షరానికి కంప్యూటర్ వాడే నంబర్లు, ప్రింట్ చేసి చూస్తే రానివాళ్ల పేరు చివర కంటికి కనపడని అక్షరం ఒకటి కూర్చుంది, యూనికోడ్‌లో జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, నకార పొల్లో సకార పొల్లో ఒత్తుగా మారకుండా విడిగా కనపడాలంటే కీబోర్డ్ దాన్ని పెడుతుంది, రాజ్‌కుమార్ అని రాసినప్పుడు జ్ కింద క ఒత్తు పడకుండా ఆపేది అదే. మధ్యలో ఉంటే పనికొస్తుంది, పేరు చివర ఉంటే కనపడదు, పోల్చేటప్పుడు మాత్రం కొంప ముంచుతుంది. పోల్చడానికి ముందు దాన్ని తీసేసే ఆరు లైన్ల ఫంక్షన్ రాసి పబ్లిక్ జిస్ట్‌గా పెట్టా. కొన్ని నెలలకి ఎవరో తెలీని మనిషి కింద కామెంట్ పెట్టాడు, ఇది సరిపోదండీ, ఐత్వం రెండు రకాలుగా స్టోర్ అవుతుంది, ఒకటి ఒకే కోడ్‌గా, ఇంకోటి ఎత్వం, దాని కింద గుర్తు అని రెండు కోడ్‌లుగా, కాబట్టి ముందు యూనికోడ్ నార్మలైజేషన్ చెయ్యండి, రెండిటినీ ఒకే రూపంలోకి తెచ్చెయ్యండి అని. నిజమే, కైలాష్ అన్న పేరుతో టెస్ట్ చేస్తే నా ఫంక్షన్ బోల్తా. ఇంకొకాయన ఇది పోల్చడానికి మాత్రమే వాడండి, డేటాబేస్‌లో ఉన్న అసలు పేర్లలోంచి తీసేస్తే సాఫ్ట్‌వేర్ కాస్తా ట కింద వ ఒత్తుతో సాఫ్ట్వేర్ అయిపోతుంది అని హెచ్చరించాడు. ఇద్దరి మాటా కలిపి మార్చా, ఇప్పుడది నా కోడ్ కంటే వాళ్ల కోడే ఎక్కువ. ఆ అమీర్‌పేట జిరాక్స్‌లో ఇదే ఉండేది కాదు, తప్పు కనిపించినా రాసినవాళ్లకి చెప్పే దారి లేదు, మన కాపీలో పెన్నుతో దిద్దుకోవడమే, పక్కవాడు మళ్లీ అదే తప్పు కొనుక్కుంటాడు.

ఇలాంటి చిన్న చిన్నవే నేను ఎక్కువ పెడతా. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి కదా, పైథాన్‌లో రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర మామూలు యూటీఎఫ్ 8 బదులు దాని సిగ్ వెర్షన్ ఇస్తే ఫైల్ మొదట్లో ఒక గుర్తు పడుతుంది, దాంతో ఎక్సెల్ సరిగ్గా చదువుతుంది, ఇది మూడే లైన్లు గానీ ఎంతమందికి లింక్ పంపానో లెక్కలేదు. ఇంకోటి సర్వర్ గడియారం యూటీసీ అనే అంతర్జాతీయ టైమ్‌లో ఉంటే మన పొద్దున 9 గంటలకి జాబ్ నడవాలంటే టైమ్‌కి పనులు నడిపే క్రాన్‌లో 30 3 * * * అని, అంటే రోజూ 3:30కి అని పెట్టాలి, ఐదున్నర గంటల తేడా, ఆ అరగంటని మర్చిపోయి 9:30కి రిపోర్ట్ పంపినవాళ్లు నాకు తెలుసు. ఒక ఫుల్ రిపాజిటరీ పెట్టేంత విషయం కాదు, అలాగని మళ్లీ మళ్లీ టైప్ చేసేదీ కాదు, ఈ సైజు సరుక్కి జిస్ట్‌ని మించింది నాకు కనపడలేదు.

ఇక మార్కులు కోసిన దగ్గరికి.

మొదటిది ఆ సీక్రెట్ అనే మాట. కొత్త జిస్ట్ చేస్తే మామూలుగా సీక్రెట్‌గా వస్తుంది, పబ్లిక్ కావాలంటే మనం మార్చుకోవాలి, ఇంతవరకు బాగుంది. కానీ సీక్రెట్ అంటే ప్రైవేట్ కాదు! సెర్చ్‌లో ఇంకొకళ్లకి రాదు, అంతే, లింక్ దొరికిన ఎవడైనా లాగిన్ కూడా లేకుండా చదువుకోవచ్చు. వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఈ మాట స్పష్టంగానే రాసి ఉంది, తప్పు చదవని మనదే, అయినా దానికి ఆ పేరు పెట్టడం నాకు నచ్చదు, ఇంటి తాళం గుమ్మం ముందు కుండీ కింద పెట్టి సీక్రెట్ అన్నట్టు ఉంటుంది. ఇది నాకెలా తెలిసిందంటే సిగ్గు విడిచి చెప్తున్నా, ఒకసారి టెస్టింగ్ డేటాబేస్ స్క్రిప్ట్ ఒకటి సీక్రెట్ జిస్ట్‌లో పెట్టి లింక్‌ని ఆఫీస్ పనులు నమోదు చేసే టికెట్‌లో అతికించా, ఆ స్క్రిప్ట్ మూడో లైన్లో పాస్‌వర్డ్ ఉంది. ఆ టికెట్ బయట వెండర్లు కూడా చూస్తారు. డేటాబేస్ చూసుకునే మా డీబీఏ గారు ఫోన్ చేసి "అమ్మా, ఒకసారి ఆ లింక్ చూసుకుంటారా" అన్నారు, చాలా మర్యాదగా, అదే భయం. వెంటనే ఎడిట్ చేసి ఆ లైన్ తీసేసి హమ్మయ్య అనుకున్నా. రెండు నిమిషాల్లో మళ్లీ ఫోన్, "రివిజన్స్ నొక్కండి". నొక్కితే నేను తీసేసిన లైన్ ఎర్ర రంగులో హైలైట్ అయ్యి మరీ కనపడుతోంది పాస్‌వర్డ్‌తో సహా. ఇందాక పొగిడిన గిట్ హిస్టరీయే ఇక్కడ మెడకి చుట్టుకుంది. జిస్ట్ మొత్తం డిలీట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, సాయంత్రం దాకా ఎవరి మొహం చూడలేకపోయా. పాస్‌వర్డ్ ఒకసారి బయటికి వెళ్లిందంటే డిలీట్ చేసినా సరే మార్చాల్సిందే, ఈలోపు ఎవరు కాపీ చేసుకున్నారో మనకి తెలీదు. ఇంకోటి, సీక్రెట్‌ని తర్వాత పబ్లిక్ చెయ్యొచ్చు గానీ పబ్లిక్‌ని మళ్లీ సీక్రెట్ చెయ్యడానికి కుదరదు, ఆ బటన్ నొక్కేముందు ఒక్క సెకను ఆగండి. నిజంగా దాచుకోవాల్సినవి అయితే ప్రైవేట్ రిపాజిటరీ పెట్టుకోండి, 2019 నుంచి అవి ఫ్రీనే.

రెండోది, ఇదే అసలు ఏడుపు, వెతుక్కోవడం. ఫోల్డర్లు లేవు. ట్యాగులు లేవు. జిస్ట్ లోపల కూడా సబ్‌ఫోల్డర్ పెట్టనివ్వదు, గిట్ నుంచి పుష్ చేసినా తీసుకోదు. పేజీ పేజీకి కొన్ని చూపిస్తూ వరసగా ఒక లిస్ట్, అంతే. నాకు ఇప్పుడు 212 ఉన్నాయి, అందులో 40 దాకా ఆ జిస్ట్‌ఫైల్ ఒకటి అన్న పేరుతోనే ఉన్నాయి, అంటే నలభై మంది పిల్లలకి ఒకే పేరు పెట్టి బజార్లో కేకేసినట్టు. సెర్చ్ ఉంది, భాష పేరుతో ఫైల్ పేరుతో యూజర్ పేరుతో వడకట్టొచ్చు, లాగిన్ అయి ఉంటే మన సీక్రెట్‌వి మనకి చూపిస్తుంది కూడా, కానీ అసలు అందులో ఏ మాట రాశానో గుర్తుంటే నేను వెతకడం దేనికి? పైగా టైటిల్‌గా చూపించేది అక్షర క్రమంలో మొదటొచ్చే ఫైల్ పేరు, మనం ముఖ్యం అనుకున్నది కాదు, అందుకే చాలామంది ముఖ్యమైన ఫైల్ పేరు ముందు సున్నాలు తగిలిస్తారు, ఫోన్ బుక్‌లో అమ్మ నంబర్ పైకి రావాలని ఏఏ అమ్మ అని సేవ్ చేసినట్టు.

దీనికి పై నుంచి కట్లు కట్టుకోవచ్చు. డిస్క్రిప్షన్‌లో హ్యాష్‌ట్యాగులు రాస్తే వాటిని ట్యాగులుగా చూపించే లెప్టన్ అనే డెస్క్‌టాప్ యాప్ ఒకటుంది, వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడేవాళ్లకి జిస్ట్‌ప్యాడ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, ఎడిటర్ పక్కనే జిస్టులన్నీ ఫైళ్లలా కనిపిస్తాయి, అక్కడే ఎడిట్ చేసుకోవచ్చు. నేను ఇప్పుడు చేస్తున్నది ఇంకా మోటు పద్ధతి, ఒక మార్క్‌డౌన్ జిస్ట్‌లో మిగతావాటి లింకులన్నీ వంటింట్లో డబ్బాల మీద చీటీల్లాగ తెలుగులో రాసుకున్నా, ఎక్సెల్ పిచ్చి గీతలకి మందు, ఐదున్నర గంటల తేడా, డిస్క్ నిండిపోతే ముందు ఇది చూడు, ఇలా. నా మెదడు ఎర్రర్ పేర్లు మర్చిపోతుంది గానీ తెలుగులో తిట్టుకున్న మాట మర్చిపోదు.

సొంత నోట్సుకి మాత్రం దీన్ని రికమెండ్ చెయ్యను. రోజువారీ రాసుకునేది, ఆలోచించుకునేది, మీటింగ్‌లో విన్నది అంతా నేను అబ్సిడియన్ అనే నోట్స్ యాప్‌లోకి మార్చేశా, అవి నా లాప్‌టాప్‌లో మామూలు మార్క్‌డౌన్ ఫైళ్లుగా ఉంటాయి, నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి, ఒక నోట్ నుంచి ఇంకో నోట్‌కి లింకులు. అందులోంచి ఇంకొకరికి పనికొస్తుంది అనిపించినది శుభ్రం చేసి జిస్ట్‌లో పెడతా. ఇలాంటి ఇంకో సైట్ పేస్ట్‌బిన్ ఎప్పటిదో, 2002 నుంచి ఉంది, దాంట్లో ఇన్ని రోజులకి మాయమైపోవాలి అని గడువు పెట్టొచ్చు, ఈ ఒక్కటీ జిస్ట్‌లో లేక నాకు లోటే, గంటసేపు పంచుకుంటే చాలనుకునే లాగ్ ఫైళ్లు ఏళ్ల తరబడి పడి ఉంటాయి.

నెట్ గొడవలు కూడా ఒక మాట. పాతవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2014 డిసెంబర్‌లో మన దేశంలో ఐసిస్ ప్రచారం ఉందన్న కారణంతో 32 సైట్లు బ్లాక్ చెయ్యమని ఆర్డర్ వచ్చింది, ఆ లిస్ట్‌లో పేస్ట్‌బిన్, వీమియో, ఇంటర్నెట్ ఆర్కైవ్ పక్కన జిస్ట్ కూడా ఉంది, తర్వాత జనవరిలో తీసేశారు. ఒక ఫంక్షన్ పేస్ట్ చేసే పేజీని దేశం మొత్తం ఆపగలరని ప్రోగ్రామర్లకి అప్పుడే తెలిసింది. ఇప్పటికీ కొన్ని ఇంటర్నెట్ కనెక్షన్లలో జిస్ట్ పేజీ తెరుచుకుంటుంది గానీ ఒట్టి కోడ్ మాత్రమే చూపించే "రా" (Raw) బటన్ నొక్కితే వచ్చే లింక్ వేరే సైట్ అడ్రస్‌ది కాబట్టి అది మొరాయిస్తుంది, సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ సెట్టింగ్ మారిస్తే నాకు సరైంది. ఇక ఆఫీస్ లాప్‌టాప్ అయితే క్లయింట్‌ని బట్టి, నేను చేసిన రెండు ప్రాజెక్టుల్లో పేస్ట్ సైట్లన్నీ మూసేశారు, కోడ్ బయటికి పోతుందని. వాళ్ల భయం వాళ్లది, నా మూడో లైన్ కథ చదివాక మీరే చెప్పండి. అలాంటి చోట గిట్‌ల్యాబ్ సొంత సర్వర్ ఉంటే అందులో స్నిప్పెట్స్ అని అచ్చు ఇలాంటిదే ఉంటుంది, అందులో ప్రైవేట్ అంటే నిజంగానే ప్రైవేట్. సొంతంగా సర్వర్ నడుపుకునే ఓపిక ఉంటే ఓపెన్‌జిస్ట్ అని ఓపెన్ సోర్స్‌ది కూడా ఉంది, ప్రోగ్రామ్‌ని డబ్బాలో పెట్టినట్టు నడిపే డాకర్‌లో లేస్తుంది, మా ఇంట్లో పాత లాప్‌టాప్ మీద నడిపిస్తున్నా, కరెంట్ పోయినప్పుడల్లా అదీ పోతుంది, అది దాని తప్పు కాదు.

వాడుకునేవాళ్లకి రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎవరో ఇచ్చిన రా లింక్‌ని నేరుగా టెర్మినల్‌లో రన్ చేసేయమని ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది చూడండి, మీరు నిన్న చదివి బాగుందనుకున్న స్క్రిప్ట్‌ని రాసినవాడు ఇవాళ మార్చేయొచ్చు, లింక్ అదే ఉంటుంది. రివిజన్ నంబర్ ఉన్న లింక్ వాడితే చదివిందే రన్ అవుతుంది. అలాగే పబ్లిక్‌గా ఉంది కదా అని కంపెనీ ప్రోడక్ట్‌లో అతికించేయకండి, లైసెన్స్ ఏమీ రాయకపోతే హక్కులు రాసినవాళ్లవే, ఒక్క కామెంట్ పెట్టి అడిగితే చాలామంది సంతోషంగా ఒక లైన్ లైసెన్స్ కలుపుతారు, నా శ్రీనివాస్ ఫంక్షన్‌కి నేనూ అలాగే కలిపా ఎవరో అడిగితే.

మొన్న ఆదివారం ఈ రివ్యూ రాద్దామని కూర్చుని ముందు నా 212 సర్దుకుందామనుకున్నా, ఆ నలభై జిస్ట్‌ఫైల్ ఒకటి గాళ్లని తెరిచి ఒక్కొక్కటే చూస్తూ డిలీట్ కొట్టడం మొదలుపెట్టా. పన్నెండో దాంట్లో నాలుగు లైన్ల షెల్ స్క్రిప్ట్, పైన నా కామెంటే తెలుగులో ఉంది, "ఇది ఎందుకు పనిచేస్తుందో తెలీదు, దయచేసి కదపకండి" అని. పావుగంట చూశా, ఇప్పటికీ తెలీలేదు. పేరు మాత్రం మార్చి, లిస్ట్‌లో ఒక చీటీ రాసి, అలాగే వదిలేశా.